కంచ, ఖాళీ జాగా, అడవి: కంచ గచ్చిబౌలి వివాదంలో నగరవాసుల అభిప్రాయాలు - ఒక చారిత్రక పరిశీలన

సంగ్రహం

హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల భూమిని అభివృద్ధి చేయాలన్న ప్రభుత్వ నిర్ణయం 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో పెద్ద వివాదానికి దారితీసింది. ఈ వివాదంలో నగరవాసులు వెల్లడించిన అభిప్రాయాలను, వారు ఆ భూమిని పేర్కొనడానికి వాడిన పదాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. రెవెన్యూ రికార్డు ఆ భూమిని 'కంచ' అంది. అభివృద్ధి కోరినవారు 'ఖాళీ జాగా' అన్నారు. వ్యతిరేకించినవారు 'అడవి' అన్నారు. ఈ మూడు పదాలకూ వేర్వేరు చరిత్రలున్నాయి. ఆ చరిత్రలను తెలుసుకుంటే వివాద స్వరూపం స్పష్టమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కంచ, పోరంబోకు, ఉమ్మడి భూమి, పుల్లరి, సర్ఫేఖాస్, నగరాభివృద్ధి, హైదరాబాదు.

1. ఉపోద్ఘాతం

సాహిత్యం ఆధారంగా సాంఘిక చరిత్రను నిర్మించవచ్చునని తెలుగులో నిరూపించినవారిలో సురవరం ప్రతాపరెడ్డి అగ్రగణ్యులు. 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఆయన కావ్యాలలోని పదాలను, సామెతలను, ఆచార వర్ణనలను చరిత్రకు ఆధారాలుగా స్వీకరించారు. రాజుల కాలక్రమాన్ని పక్కనపెట్టి జనం తిన్న తిండిని, కట్టిన బట్టను, ఆడిన ఆటను గురించి రాయడానికి ఆ పద్ధతి తోడ్పడింది. గ్రామనామాల పరిశోధన తెలుగు శాఖలలో స్థిరపడిన తరువాత ఆ పద్ధతి మరింత విస్తరించింది. ఒక ఊరి పేరులో దాగిన చెరువు, బండ, గుట్ట, గూడెం ఆ ఊరి గతానికి సాక్ష్యాలుగా నిలిచాయి.

హైదరాబాదు నగరం విషయంలో ఈ పద్ధతికి ప్రత్యేకమైన అవసరం ఉంది. ఇక్కడ వస్తువు పోయినా పేరు మిగిలిన చోట్లు చాలా ఉన్నాయి. మాసాబ్ ట్యాంక్‌లో నేడు చెరువు కనిపించదు. కుతుబ్‌షాహీ వంశానికి చెందిన హయాత్ బక్షీ బేగం గౌరవ నామమైన 'మాసాహెబా' పేరుతో వెలసిన ఆ చెరువు స్థానంలో ఇప్పుడు రహదారులు, భవనాలు ఉన్నాయి. గచ్చిబౌలి అన్న పేరులో గచ్చు ఉంది, బావి అనే అర్థమిచ్చే 'బౌలి' ఉంది. దాని ముందు చేరిన 'కంచ' అనే పదం మాత్రం 2025 దాకా సామాన్య నగరవాసి దృష్టికి పెద్దగా రాలేదు. సర్వే నంబరు 25లోని 400 ఎకరాల మీద వివాదం చెలరేగినప్పుడు ఆ పదం పత్రికల పతాక శీర్షికలకు ఎక్కింది. అయినా దాని అర్థాన్ని గురించి జరిగిన చర్చ స్వల్పమే.

ఈ వ్యాసం ఆ లోటును పూరించే ప్రయత్నం చేస్తుంది. యాజమాన్య వివాదంపై తీర్పు చెప్పడం దీని పరిధిలోని విషయం కాదు. ఒకే భూమిని ఒకే నగరంలోని వివిధ వర్గాలు ఎందుకు వేర్వేరుగా చూశాయి, ఆ చూపుల వెనుక ఏ చరిత్ర ఉంది అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

2. 'కంచ' పద చరిత్ర

తెలుగులో 'కంచె' అంటే ముళ్లతోనో రాళ్లతోనో వేసిన ఆవరణ. చేనుకు కంచె వేస్తారు. తెలంగాణ వాడుకలో 'కంచ' అర్థం ఇంకా విస్తరించింది. ఆవరణ లోపల గడ్డి కోసం విడిచిపెట్టిన భూమికే ఆ పేరు వచ్చింది. కంచలో దుక్కి దున్నరు. వానాకాలంలో గడ్డి పెరుగుతుంది. తుమ్మ, రేగు, పరికి వంటి ముళ్లచెట్లు, పొదలు అక్కడక్కడ ఉంటాయి. రాళ్లగుట్టల మధ్య కుంటలు నిలుస్తాయి. దక్కను పీఠభూమిలోని గ్రానైటు నేలల స్వభావమే అది. నాగలికి లొంగని నేల పశువుకు పనికివస్తుంది. ఆ వినియోగాన్ని గుర్తించి ప్రజలు పెట్టుకున్న పేరు కంచ.

రెవెన్యూ రికార్డులలో ఈ భూమి వర్గీకరణ 'కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ' అని ఉంది. ఈ నాలుగు పదాలు నాలుగు భాషల నుంచి వచ్చాయి. 'కంచ' తెలుగు. 'అస్తబల్' అరబ్బీ ద్వారా ఉర్దూలోకి వచ్చిన పదం, గుర్రపుశాల అని అర్థం. 'పోరంబోకు' తమిళం నుంచి వచ్చింది, వెలుపలికి పోయినది అని దాని మూలార్థం. 'సర్కారీ' పారసీకం. గుర్రపుశాలల అవసరాలకు గడ్డి ఇచ్చిన కంచగా ఈ నేలను వాడి ఉంటారని ఆ పేరును బట్టి ఊహించవచ్చు. పన్ను లెక్కకు వెలుపల ఉన్నదనీ, ప్రభుత్వానిదనీ మిగిలిన రెండు పదాలు చెబుతున్నాయి.

ఈ వర్గీకరణలోని తేడాను గమనించాలి. మొదటి రెండు పదాలు భూమి దేనికి ఉపయోగపడుతుందో చెబుతాయి. చివరి రెండు పదాలు అది ఎవరి లెక్కలో ఉందో చెబుతాయి. 2025 నాటి వివాదంలో ప్రభుత్వ వాదన ప్రధానంగా చివరి రెండు పదాల మీద నిలిచింది. నిరసనకారుల వాదన, వారికి తెలిసినా తెలియకపోయినా, మొదటి పదం చుట్టూ తిరిగింది. ఒకే పంక్తిలోని నాలుగు మాటలను ఇరుపక్షాలు చెరి సగం పంచుకున్నాయి.

'పోరంబోకు' పదానికి పట్టిన గతి కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. ఉమ్మడి అవసరాల కోసం పన్నుకు వెలుపల ఉంచిన భూమి అన్న గౌరవప్రదమైన అర్థం నుంచి అది పనీపాటా లేని మనిషిని తిట్టే మాటగా మారింది. పన్ను కట్టని నేల, పని చేయని మనిషి అన్న పోలిక ఈ అర్థాపకర్షకు మూలమై ఉంటుంది. ఆదాయం ఇవ్వనిది వ్యర్థం అన్న పాలనా దృష్టి భాషలోకి ఎంత లోతుగా చొరబడిందో ఈ ఒక్క మాట చాటుతుంది.

3. ఉమ్మడి భూమి, పాలకుల భూమి

గడ్డి భూముల మీద హక్కు ఎవరిదన్న ప్రశ్న తెలుగు నేలకు కొత్తది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1882 నాటి అటవీ చట్టం తరువాత పశువుల మేతకు రుసుము చెల్లించవలసి వచ్చింది. దానినే 'పుల్లరి' అన్నారు. 1921లో పల్నాడు రైతులు పుల్లరి కట్టబోమని సత్యాగ్రహం చేశారు. ఆ పోరాటానికి నాయకత్వం వహించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో మరణించారు. తరతరాలుగా పశువులు మేసిన చోటు ఒక్కసారిగా ప్రభుత్వ ఆస్తి కావడాన్ని పల్నాటి రైతు అంగీకరించలేకపోయాడు. నిజాం రాజ్యంలో కుమురం భీం నాయకత్వాన సాగిన గోండుల పోరాటం 1940లో జోడేఘాట్ వద్ద ఆయన మరణంతో చరిత్రలో నిలిచింది. అక్కడి ప్రశ్న కూడా అడవి మీద, మేత మీద, పోడు మీద అధికారం ఎవరిదన్నదే.

హైదరాబాదు పరిసరాల పరిస్థితి కొంత భిన్నమైనది. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా ప్రాంతంలో అధిక భాగం నిజాం స్వంత ఖర్చుల కోసం కేటాయించిన సర్ఫేఖాస్ భూములు. తక్కినవి జాగీర్లు, పాయెగాలు. 1949లో సర్ఫేఖాస్ భూములు దివానీ పాలనలో విలీనమయ్యాయి. అదే సంవత్సరం జాగీర్దారీ రద్దయింది. దీనితో నగరం అంచున విస్తారమైన భూములు ప్రభుత్వ పరమయ్యాయి. స్వాతంత్ర్యానంతరం ఈ నగరంలో వెలసిన పెద్ద పెద్ద ప్రభుత్వరంగ పరిశ్రమలకు, పరిశోధన సంస్థలకు, విశ్వవిద్యాలయాలకు ఇంత విశాలమైన ఆవరణలు లభించడానికి ఈ నేపథ్యం ముఖ్య కారణం. నగరానికి ఆగ్నేయ దిశలో ఇమారత్ కంచ ఉంది. అక్కడి రక్షణ పరిశోధన సంస్థ 'రీసెర్చ్ సెంటర్ ఇమారత్' పేరులో కంచ పోయింది, ఇమారత్ మిగిలింది.

రాచరికం నుంచి ప్రభుత్వానికి, ప్రభుత్వం నుంచి సంస్థలకు భూమి చేతులు మారినప్పుడు అందులో మేత మేపుకొన్నవారి, కట్టె ఏరుకొన్నవారి, కుంటలో నీళ్లు తాపినవారి వినియోగం రికార్డుకు ఎక్కలేదు. 'కంచ' అన్న మాటగా మాత్రమే అది మిగిలింది. తరువాతి కాలంలో నగరవాసులు ఈ భూమితో పెంచుకొన్న సంబంధానికి కూడా రికార్డులో చోటు లేకపోవడం ఆ పాత లోపానికి కొనసాగింపు.

4. విశ్వవిద్యాలయ ప్రాంగణం (1974-2024)

1969, 1972 నాటి ఉద్యమాల తరువాత 1973లో ఆరు సూత్రాల పథకం రూపొందింది. హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం స్థాపించాలన్నది అందులో ఒక అంశం. రాజ్యాంగంలో 371-ఇ అధికరణం చేరింది. 1974లో పార్లమెంటు చట్టం ద్వారా విశ్వవిద్యాలయం ఏర్పడింది. తొలి రోజులలో అది ఆబిడ్స్‌లోని 'గోల్డెన్ థ్రెషోల్డ్'లో, అంటే సరోజినీ నాయుడు కుటుంబం నివసించిన ఇంట్లో పనిచేసింది. తరువాత గచ్చిబౌలిలో ప్రాంగణం ఏర్పడింది. విశ్వవిద్యాలయానికి సుమారు 2,300 ఎకరాలు కేటాయించారు. అప్పటికి అది నగరానికి దూరంగా ఉన్న చోటు.

ప్రాంతీయ న్యాయం కోసం జరిగిన ఉద్యమాల ఫలితంగా వచ్చిన సంస్థకు ఈ భూమి దక్కిందన్న సంగతి 2025 నిరసనలలో మళ్లీ మళ్లీ వినిపించింది. భూమి కేటాయింపు జరిగినా యాజమాన్య బదిలీ పత్రం ఏర్పడకపోవడం తరువాతి చిక్కులకు మూలమైంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ భూమిలో కొంత ఇతర విద్యాసంస్థలకు, క్రీడాప్రాంగణాలకు వెళ్లింది.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతో నగరం పడమటి దిక్కుగా పెరగడం మొదలైంది. 2003 ఆగస్టులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్రీడా వసతుల అభివృద్ధి నిమిత్తం ఐఎంజీ భారత సంస్థతో ఒప్పందం చేసుకొని, గచ్చిబౌలి కంచలో 400 ఎకరాలు, మామిడిపల్లిలో 450 ఎకరాలు కేటాయించింది. 2006లో తరువాతి ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. వ్యాజ్యం దాదాపు రెండు దశాబ్దాలు నడిచింది. 2024 మార్చిలో హైకోర్టు ప్రభుత్వానికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. మే నెలలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యానికి నిరాకరించింది.

వ్యాజ్యం సాగిన కాలమంతా ఆ భూమిని ఎవరూ కట్టడాలతో నింపలేకపోయారు. చుట్టూ అద్దాల భవనాలు, బహుళ అంతస్తుల నివాసాలు లేస్తూ ఉండగా ఈ 400 ఎకరాలు పొదలతో, రాళ్లతో, కుంటలతో యథాతథంగా మిగిలాయి. నెమళ్లు, జింకలు, నక్షత్ర తాబేళ్లు, ఉడుములు ఉన్న ఆవాసం అది. పుట్టగొడుగు ఆకారంలో నిలిచిన శిల అక్కడి గుర్తు. కాబట్టి ఈ పచ్చదనం ఏ పరిరక్షణ ప్రణాళిక వల్లా మిగిలినది కాదు. కోర్టు కాగితాల కింద అది బతికింది. వ్యాజ్యం ముగిసిన మరుక్షణం దాని రక్షణ కూడా ముగిసింది.

5. 2025 వసంతం

2023 ఆగస్టులో పొరుగున ఉన్న కోకాపేటలో ప్రభుత్వం నిర్వహించిన వేలంలో ఎకరా ధర 100 కోట్ల రూపాయలు దాటింది. గచ్చిబౌలి భూమి విలువను ప్రభుత్వమూ ప్రజలూ ఆ కొలతతోనే చూడసాగారు. 2024లో 400 ఎకరాలు తెలంగాణ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు సంక్రమించాయి. సమాచార సాంకేతిక సంస్థలు, మిశ్రమ వినియోగ నిర్మాణాలు వస్తాయని, 50,000 కోట్ల రూపాయల పెట్టుబడులు, 5 లక్షల ఉద్యోగాలు లభిస్తాయని ఆ సంస్థ ప్రకటించింది. విశ్వవిద్యాలయానికి బదులుగా గోపన్‌పల్లిలో 397 ఎకరాలు 2004లోనే ఇచ్చామని ప్రభుత్వ పక్షం వాదించింది. 2025 మార్చి 31న విశ్వవిద్యాలయం ఒక ప్రకటనలో, సరిహద్దుల నిర్ధారణ పూర్తికాలేదని తెలిపింది.

మార్చి 30, విశ్వావసు నామ సంవత్సర ఉగాది నాడు, యంత్రాలు ఆ భూమిలోకి ప్రవేశించాయి. అడ్డుకొన్న విద్యార్థులను పోలీసులు అదుపులోకి తీసుకొన్నారు. తరువాతి నాలుగు రోజులు సెలవు దినాల వెంట రాత్రింబవళ్లు చదును పనులు జరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్వయంగా విచారణకు స్వీకరించి పనులన్నీ నిలిపివేసింది. సుప్రీంకోర్టు ఆదేశంతో అక్కడికి వెళ్లిన హైకోర్టు రిజిస్ట్రారు సుమారు 100 ఎకరాలలో చెట్లు తొలగించినట్లు, నెమళ్లు, జింకలు, పక్షులు కనిపించినట్లు నివేదించారు. ఏప్రిల్ 16న కోర్టు ఆ 100 ఎకరాల పునరుద్ధరణకు ప్రణాళిక రూపొందించాలని రాష్ట్రాన్ని ఆదేశించింది.

6. నగరవాసుల అభిప్రాయాలు: నాలుగు ధోరణులు

ఈ కాలంలో పిటిషన్ల రూపంలో, ప్రకటనల రూపంలో, పత్రికా చర్చల రూపంలో వెలువడిన అభిప్రాయాలను స్థూలంగా నాలుగు ధోరణులుగా విభజించవచ్చు.

మొదటిది విద్యార్థులు, అధ్యాపకుల ధోరణి. వారికి ఆ భూమి నిత్యజీవితంలో భాగం. జీవశాస్త్ర విద్యార్థికి అది క్షేత్ర పరిశోధన స్థలం, కవికి నడకదారి, మారుమూల పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి తన ఊరి బీడును గుర్తుచేసే చోటు. ప్రాంగణం వెలుపలకు భూమి పోతూ వచ్చిన గతం వారికి తెలుసు. 400 ఎకరాలతో అది ఆగదన్న భయం వారి మాటలలో ప్రధానంగా ఉంది.

రెండవది చుట్టుపక్కల నివాస సముదాయాలవారి ధోరణి. వీరిలో అధిక సంఖ్యాకులు గత రెండు దశాబ్దాలలో ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడినవారు. వేసవి ఎండ, భూగర్భజలాల కొరత, వాన పడిన గంటకే మోకాలి లోతు నీరు నిలిచే రహదారులు వారి అనుభవం. వాననీరు ఇంకే నేల మిగలాలన్నది వారి వాదన. ఈ ధోరణి మీద ఒక విమర్శ కూడా వచ్చింది. ఇటువంటి బండలనూ గుట్టలనూ చదును చేసి కట్టిన ఇళ్లలో ఉంటూ పక్కవారి అభివృద్ధిని ఎలా అడ్డుకొంటారన్నది ఆ విమర్శ. దీనిలో వాస్తవం లేకపోలేదు. అయితే నష్టాన్ని అనుభవించినవారే దాని విలువ చెప్పగలరన్న సమాధానం కూడా అంతే బలమైనది. పూర్వం జరిగిన విధ్వంసం భవిష్యత్తులో జరగబోయే దానికి అనుమతిపత్రం కాజాలదు.

మూడవది అభివృద్ధిని కోరినవారి ధోరణి. దీనిని కేవలం స్థిరాస్తి వ్యాపారుల మాటగా కొట్టిపారేయడం న్యాయం కాదు. వ్యాజ్యంలో ఒక ప్రైవేటు సంస్థకు పోకుండా ప్రజల ఆస్తిని కాపాడుకొన్నామని, దాని మీద వచ్చే ఆదాయం సంక్షేమానికి ఉపయోగపడుతుందని ప్రభుత్వం వాదించింది. తెలంగాణ ఉద్యమంలో నీళ్లు, నిధులు, నియామకాలు అన్నవి కేంద్ర నినాదాలు. ఉద్యోగ నియామకాల కోసం ఎదురుచూసే యువకుడికి 5 లక్షల ఉద్యోగాలన్న మాట చిన్నది కాదు. ఈ ధోరణిలో భూమి 'ఖాళీ జాగా'. అక్కడ ఏమీ లేదు కాబట్టి ఏదైనా రావచ్చునన్నది దాని తర్కం. ఈ తర్కానికి బలహీనత కూడా ఆ మాటలోనే ఉంది. కొలతకు అందని దానిని లేనిదానిగా లెక్కించే అలవాటు 'ఖాళీ' అన్న పదంలో ఉంది.

నాలుగవది మధ్యేమార్గపు ధోరణి. కుంటలను, శిలలను విడిచి మిగిలిన భూమిలో నిర్మాణాలు చేపట్టవచ్చునని కొందరు భావించారు. పుట్టగొడుగు శిల వంటి గుర్తులను కాపాడతామని ప్రభుత్వ పక్షం కూడా చెప్పింది. ఈ ధోరణి వినడానికి సమంజసంగా ఉంటుంది. కానీ కంచ స్వభావం వేరు. కుంటలోకి నీరు చేరేది చుట్టూ ఉన్న వాలు నేల నుంచి. జింక కుంట దగ్గర నీరు తాగుతుంది, గడ్డి మాత్రం వాలు మీద మేస్తుంది. విడివిడి భాగాలుగా కాపాడిన కంచ వస్తు ప్రదర్శనశాలలోని శిల్పం వంటిది.

ఈ నాలుగు ధోరణులలోనూ వినిపించనిది మరొకటి ఉంది. చుట్టుపక్కల పాత గ్రామాలలో పశుపోషణ మీద బతికిన కుటుంబాల గొంతు బహిరంగ చర్చలో చాలా తక్కువగా వినిపించింది. కంచ అన్న పేరు పుట్టింది వారి వాడుకలోనే. ఆ పేరు మీద జరిగిన వాదంలో వారి ఊసు దాదాపు లేదు.

7. 'అడవి' అనే మాట: నిఘంటువు, న్యాయస్థానం

నిరసనకారులు ఈ భూమిని 'అడవి' అని ఎందుకు పిలవవలసి వచ్చిందన్నది ముఖ్యమైన ప్రశ్న. దీనికి సమాధానం చట్టంలో ఉంది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం అన్వయంలో, 1996 డిసెంబరు 12న గోదావర్మన్ తిరుమల్‌పాడ్ కేసులో సుప్రీంకోర్టు ఒక చరిత్రాత్మకమైన ఉత్తర్వు ఇచ్చింది. యాజమాన్యం ఎవరిదైనా, రికార్డులో ఎలా ఉన్నా, నిఘంటు అర్థంలో అడవి అయినదంతా అడవిగానే పరిగణించాలని ఆ ఉత్తర్వు సారాంశం. 2023 చట్ట సవరణ ఆ పరిధిని కుదించబోగా, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిఘంటు అర్థాన్ని కొనసాగించింది. ఒక పదానికి నిఘంటువు ఇచ్చే అర్థం మీద ఇన్ని ఎకరాల భవిష్యత్తు ఆధారపడటం భాషాసాహిత్య పరిశోధకులు పట్టించుకోవలసిన విషయం.

ఇక్కడొక చిక్కు ఉంది. కంచ పూర్తిగా అడవి కాదు. అది గడ్డి, పొద, బండ, కుంట కలిసిన నేల. దట్టమైన చెట్ల నీడను అడవి అనుకొనే కంటికి అది బీడుగానే తోస్తుంది. హైదరాబాదులోనే ఉన్న జాతీయ సుదూర సంవేదన కేంద్రం రూపొందించే దేశ బంజరు భూముల అట్లాసులో పొదలతో కూడిన భూమి ఒక బంజరు వర్గంగా నమోదవుతుంది. అంటే మన పాలనా పరిభాషలో ఇటువంటి నేలకు రెండే స్థానాలు ఉన్నాయి. చట్టం దృష్టిలో అది అడవి అయినా కావాలి, బంజరు అయినా కావాలి. అడవి అయితే రక్షణ, బంజరు అయితే వినియోగం. రెంటికీ మధ్య ఉన్న మూడో పదం ప్రజల భాషలో ఎప్పటి నుంచో ఉంది. రికార్డులో కూడా ఉంది. చట్టంలో దానికి బలం లేదు.

అందువల్ల ఆ భూమిని కాపాడాలనుకొన్నవారికి దానిని అడవి అనక తప్పలేదు. ప్రత్యర్థులు వెంటనే అందులో అడవి ఎక్కడుందని ప్రశ్నించారు. కృత్రిమ మేధ సాయంతో తయారైన కొన్ని చిత్రాలు సామాజిక మాధ్యమాలలో వ్యాపించడంతో చర్చ మరింత గందరగోళంలో పడింది. ఉన్న నెమళ్లకు లేని నెమళ్ల బొమ్మలు అపకారం చేశాయి. నిజమైన కంచ విలువను కంచగానే చెప్పగలిగే పరిభాష ప్రజాచర్చలో ఉంటే ఈ అతిశయోక్తుల అవసరం ఉండేది కాదు.

8. రెండు పోలికలు

హైదరాబాదు చరిత్రలోని మరి రెండు ఉదంతాలు ఈ పరిశీలనకు తోడ్పడతాయి. 1908 మూసీ వరదల తరువాత నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో 111వ నంబరు ఉత్తర్వు వెలువడింది. పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాలలో నిర్మాణాలపై అది ఆంక్షలు విధించింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది. నగరంలోని పర్యావరణవాదులు దానిని వ్యతిరేకించగా, ఆ గ్రామాల భూయజమానులలో చాలామంది స్వాగతించారు. ఊరంతటికీ మేలు చేసే నియమం భారాన్ని తామే పాతికేళ్లు మోశామన్నది వారి బాధ. స్థానికుల అభిప్రాయం అన్నది ఎప్పుడూ పరిరక్షణ పక్షాన ఉంటుందని అనుకోవడం పొరపాటని ఈ ఉదంతం తెలుపుతుంది.

రెండవది సికింద్రాబాదులోని బైసన్ పోలో మైదానం. అక్కడ కొత్త సచివాలయం కట్టాలన్న ప్రతిపాదన 2017 ప్రాంతంలో వచ్చింది. నగరవాసులు, క్రీడాకారులు కోర్టును ఆశ్రయించారు. చివరకు పాత సచివాలయం స్థానంలోనే కొత్త భవనం కట్టి 2023 ఏప్రిల్‌లో ప్రారంభించారు. మైదానం మిగిలింది.

మూడు సందర్భాలలోనూ ఒక సామ్యం కనిపిస్తుంది. నిర్ణయం ముందు వెలువడింది, అభిప్రాయం తరువాత వినిపించింది. ప్రజల మాట రోడ్డు మీదా కోర్టులోనూ తప్ప మరో చోట నమోదు కాలేదు. నగర ప్రణాళికలో ఉమ్మడి భూముల మీద ముందుగా సంప్రదింపులు జరిపే స్థిరమైన ఏర్పాటు లేనంత కాలం ప్రతి వివాదమూ యంత్రాల ఎదుటే మొదలవుతుంది.

9. ముగింపు

కంచ గచ్చిబౌలి వివాదాన్ని ప్రభుత్వానికీ విద్యార్థులకూ మధ్య జరిగిన ఘర్షణగా మాత్రమే చూస్తే దాని చారిత్రక విస్తృతి తెలియదు. గడ్డిభూమి మీద పాలకుల హక్కుకూ, వాడుకొనేవారి సంబంధానికీ మధ్య పల్నాడు కాలం నుంచి సాగుతున్న వాదంలో ఇది ఒక అధ్యాయం. అప్పుడు పశువు మేత ప్రశ్న. ఇప్పుడు నీరు, నీడ, గాలి, చదువు ప్రశ్నలు. యజమాని ఎవరన్నది న్యాయస్థానం తేల్చగలదు. ఆ భూమి నగరానికి ఏమవుతుందన్నది యాజమాన్య పత్రం చెప్పలేదు.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు మూడు. ఒకటి, రెవెన్యూ రికార్డులోని 'కంచ' అన్న మాట భూమి వినియోగాన్ని తెలిపే చారిత్రక సాక్ష్యం. దానిని యాజమాన్య వర్గీకరణకు ముందు చేరిన అలంకారంగా చూడటం సరికాదు. రెండు, నగరవాసుల అభిప్రాయాలు ఏకరూపంగా లేవు. వాటి తేడాలు స్వార్థం వల్ల మాత్రమే పుట్టినవి కావు, భూమితో ఒక్కొక్కరికి ఉన్న అనుబంధంలోని తేడాల వల్ల పుట్టినవి. మూడు, అడవి, బంజరు అన్న రెండు గదులలో ఇమడని నేలలకు రక్షణ లభించాలంటే వాటి అసలు పేర్లను గుర్తించే పాలనా పరిభాష అవసరం.

తెలుగు శాఖలు ఇందుకు చేయగల పని ఉంది. కంచ, బీడు, మందబయలు, గుట్ట, కుంట, శిఖం, పోరంబోకు వంటి పదాలను రెవెన్యూ రికార్డుల నుంచి, పల్లె వాడుక నుంచి, సాహిత్యం నుంచి సేకరించి, అవి సూచించే నేల స్వభావంతో సహా జిల్లాలవారీ పదకోశాలుగా వెలువరించాలి. పశువుల కాపరుల, పాత గ్రామాల వృద్ధుల మౌఖిక చరిత్రలను వారు ఉన్నప్పుడే నమోదు చేయాలి. న్యాయస్థానాలు నిఘంటువును తెరిచి చూసే కాలంలో ఆ నిఘంటువులో కంచకు సరైన అర్థం ఉండేలా చూడటం భాషాసాహిత్య పరిశోధకుల బాధ్యత.